ఆపకూడని మిషన్ కారు: పొదిలి నుంచి ఒంగోలుకు ఒక చలి ఉదయం

జనవరి 5, సోమవారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున నాలుగూ నలభైకే ఎదురైంది. ఒంగోలుకు మేము మాట్లాడుకున్న కారు డ్రైవర్ ఫోన్ చేశాడు. "అమ్మా, నేను మార్కాపురం నుంచి వస్తూ దారిలో ఆగిపోయానమ్మా. పొగమంచు. ముందున్న లారీయే కనబడట్లేదు. ఎనిమిది లోపు మీ ఊరికి రాలేను. వస్తా వస్తా అని చివర్లో చెయ్యివ్వటం ఇష్టంలేక ఇప్పుడే చెప్తున్నా" అన్నాడు. సరేనండి అని ఫోన్ పెట్టేశాక గానీ ఆ మాట పూర్తిగా నా తలకెక్కలేదు. కాలికి సిమెంటు కట్టుతో మంచం మీద కూర్చున్న మా రూతు పిన్ని నా మొహం చూసి, "రాడా?" అని మాత్రం అడిగింది.

ఈ ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. పిన్ని పొదిలికి ఏడు కిలోమీటర్ల దూరంలోని ఊళ్ళో ఉంటుంది. పదహారేళ్ళుగా ప్రైవేటు బళ్ళలో పాఠాలు చెబుతోంది. ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి తను రాసిన నాలుగో పరీక్ష ఇది. వయసు లెక్కన ఇదే ఆఖరుది. రెండో జాబితాలో పేరు వచ్చింది. ఈ రోజు ఉదయం తొమ్మిదింటికి ఒంగోలులో సర్టిఫికెట్ల పరిశీలన. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి వారికి వెళ్ళిపోతుందని ఫోన్‌కు వచ్చిన సమాచారంలో స్పష్టంగా ఉంది. సరిగ్గా ఇలాంటి సమయంలో, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, చర్చి గుమ్మం మీద నక్షత్రం కడుతూ పిన్ని స్టూలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. బైకు మీద కూర్చోలేదు, బస్సు మెట్లు ఎక్కలేదు. బాబాయి బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. తోడుగా నన్ను పిలిచారు. నేను పెదకాకాని నుంచి వచ్చాను, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. శనివారం గుంటూరులో బస్సెక్కి చిలకలూరిపేట, అద్దంకి, దర్శి మీదుగా పొదిలి చేరడానికి నాలుగు గంటలకు పైనే పట్టింది. టికెట్టు రెండు వందలు దాటింది. పగటి పూట ఆ దారి హాయిగా ఉంటుంది. ఎర్రటి మిరప చేలు, తెల్లటి పత్తి చేలు ఒకదాని పక్కన ఒకటి వస్తూనే ఉంటాయి. ఆ చేలే తెల్లవారుజామున ఎలాంటి మంచును కప్పుకుంటాయో ఆ బస్సులో కూర్చున్నప్పుడు నాకు తెలియదు.

ఇక మిగిలింది మిషన్ కారు. పిన్ని మామగారు ఏసోబు తాతయ్య ముప్పై ఏళ్ళపాటు క్రైస్తవ మిషన్ హాస్టలుకు డ్రైవర్‌గా పనిచేశాడు. హాస్టలు మూతబడినప్పుడు వాళ్ళు ఆయనకు ఆ పాత తెల్ల కారు ఇచ్చారు. గుండ్రటి దీపాలు, సోఫాలాంటి సీట్లు, డీజిల్ ఇంజను. కాగితాలన్నీ ఏటేటా సరిచేయించుకుంటాడు గానీ ఆదివారం మందిరానికి వచ్చే ముసలివాళ్ళను ఎక్కించుకోవడానికి తప్ప బయటికి తీయడు. మొన్న క్రిస్మస్ తర్వాత, చలికి ముసలివాళ్ళు రాక, ఆదివారాలు కూడా తీయలేదు. పదకొండు రోజులు.

తాతయ్య మఫ్లరు తలకు చుట్టుకుని రేకుల షెడ్డు ముందు నిలబడ్డాడు. నా ఫోన్ పదమూడు డిగ్రీలు చూపించింది. మంచు గడ్డకట్టే దేశాలవాళ్ళు ఈ అంకె విని నవ్వుతారేమో. కానీ ఈ నేల మీద ఏడాదిలో పది నెలలు ఎండలో మగ్గే మనుషులకూ బండ్లకూ పదమూడంటే ఎముకలు కొరికే చలే. కారు అద్దాల మీద నీళ్ళు చెమటలా కారుతున్నాయి. బానెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంది.

"తాతయ్యా, అవుతుందా?"

"ఇంజనుకు చలి ఎక్కువైతే బిగదీసుకుపోద్ది. మనిషిని లేపినట్టు నిదానంగా లేపాలి. కంగారు పెట్టబాక" అన్నాడు తాతయ్య. బిగదీసుకుపోవడం. ఈ మధ్య కొత్తగా విన్న మాటలు నోటుబుక్కులో రాసుకునే అలవాటు పట్టుకుంది నాకు. ఇది మాత్రం రాసుకోవాల్సిన పని లేకపోయింది. నా వేళ్ళే బిగదీసుకుపోయి ఉన్నాయి.

డీజిల్ ఇంజనులో పెట్రోలు బండికిలా నిప్పురవ్వ ఉండదు. లోపలి గాలి వేడెక్కితేనే డీజిల్ అంటుకుంటుంది. అందుకే చలిలో ముందు హీటర్ ప్లగ్గులు వేడి చేస్తారు. ఇదంతా తాతయ్య చీకట్లో బానెట్ ఎత్తి, నా ఫోన్ లైటు వెలుగులో నాలుగు ప్లగ్గులూ చూపిస్తూ చెప్పాడు. "ఈ నాలుగింట్లో రెండు పనిచెయ్యవు. పట్నం పోయినప్పుడు మార్పిద్దామనుకుంటానే ఉన్నా" అన్నాడు. తాళం సగం తిప్పి ముప్పై లెక్కపెట్టాడు. డాష్‌బోర్డు మీద నారింజ దీపం ఆరింది. సెల్ఫ్ కొట్టాడు. ఇంజను మూలుగుతూ నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ ముప్పై లెక్క. మళ్ళీ సెల్ఫ్. ఈసారి మూడు చుట్లు. మూడోసారి కొట్టేసరికి దీపమే మసకబారింది.

"బ్యాటరీ పోతాంది. ఇంకో రెండుసార్లకు మించి తిరగదు" అన్నాడు తాతయ్య. అప్పుడు టైము అయిదూ పది.

పిన్ని కర్రల మీద గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ప్లాస్టిక్ ఫైలు ఛాతీకి ఆనించి పట్టుకుంది.  

తోసి చూద్దామన్నాడు తాతయ్య. పక్కింటి ఇద్దరు వచ్చారు. తాతయ్య రెండో గేరులో వేసి క్లచ్ తొక్కి పట్టుకున్నాడు, మేము ముగ్గురం వెనక నుంచి తోశాం. పిన్ని వాళ్ళ వీధి పళ్ళెంలా చదును. మంచుకు తడిసిన మట్టిలో చెప్పులు జారాయి. అరవై అడుగులు పరుగెత్తించాక తాతయ్య క్లచ్ వదిలాడు. కారు ఒక్కసారి కుదుపు తిని ఆగింది. మళ్ళీ తోశాం. మళ్ళీ కుదుపు, మళ్ళీ నిశ్శబ్దం. మూడోసారి ఆగింది వీధి చివర, కోటయ్య గారి మిరప కల్లం ముందు. ఇక అక్కణ్ణుంచి ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

కల్లం అంటే ఇక్కడ మిరపకాయలు ఎండబెట్టే చోటు. మొదటి కోత కాయలు నేల మీద పరిచి, రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి ఉంచారు. పక్కనే పత్తి కట్టె మంట. దాని మీద పెద్ద కాగులో నీళ్ళు. కోటయ్య గారు దుప్పటి ముసుగులో మంట ముందు కూర్చుని ఉన్నారు. ఆయనా తాతయ్యా చిన్నప్పుడు మిషన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారట.

"ఏరా ఏసోబూ, తెల్లారుజామున ఊరేగింపు ఏందిరా? కారుకు పెళ్ళా?" అన్నారాయన లేవకుండానే.

"ఒరేయ్, నవ్వబాకరా. కోడలు తొమ్మిదింటికి ఒంగోలులో ఉండాల. ఇది లేవట్లా."

కోటయ్య గారు లేచారు. సంగతంతా రెండు ముక్కల్లో విన్నారు. "ట్రాక్టర్ మీద పొదిలి దాకా దించుతా. అక్కడ ఏదన్నా కారు దొరుకుద్ది" అన్నారు. తాతయ్య తలూపాడు గానీ లెక్క కూడా చెప్పాడు. ట్రాక్టరుకు ఈ మంచులో పొదిలి అరగంట. అక్కడ ఆ వేళకు కారు దొరకాలి. దొరికినా దొరక్కపోయినా కాలు కదిపితే కేక పెట్టే మనిషిని ట్రాక్టరు బురదరేకు మీద కూర్చోబెట్టాలి. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆరున్నర దాకా కారుతో కుస్తీ. ఆరున్నర దాటితే ట్రాక్టర్.

తర్వాతి గంట చాలా వేగంగా, చాలా నెమ్మదిగా కూడా గడిచింది. తాతయ్య రేడియేటరు అడుగున కుళాయి తిప్పి చల్లటి నీళ్ళు వదిలేశాడు. కాగులోంచి చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళు బిందెతో తెచ్చి పోశాం. మరిగే నీళ్ళు పోస్తే చల్లటి ఇనుము పగులుతుందట. కోటయ్య గారు ట్రాక్టరును కారు ముక్కుకు ముక్కు ఆనించి నిలబెట్టి, దాని బ్యాటరీ నుంచి రెండు లావుపాటి తీగలు లాగారు. "ఇంజను ఒంటికి వేడి పట్టాల. గోనె సంచులు తడిపి కప్పాల" అన్నాడు తాతయ్య. "సంచులకు కరువా? ఆ కుప్పలో తీసుకో అమ్మాయ్" అన్నారు కోటయ్య గారు.

నేను పరుగెత్తి కల్లం మూల నుంచి ఆరు సంచులు తెచ్చాను. నాలుగు వేడి నీళ్ళలో ముంచి, పిండి, డీజిల్ పంపు చుట్టూ, గాలి గొట్టం మీదా కప్పాం. రెండు పొడివి పైన దుప్పటిలా పరిచాం. పిన్నిని పక్కింటివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చి వెనక సీట్లో కాళ్ళు చాపి కూర్చోబెట్టారు. మందిరం వైపు నుంచి పాట వినబడటం మొదలైంది. ఆరూ పన్నెండు.

తాతయ్య ఈసారి నలభై దాకా లెక్కపెట్టాడు. వెనక సీట్లో పిన్ని పెదవులు కూడా కదులుతున్నాయి. లెక్కపెడుతోందో, ప్రార్థన చేస్తోందో తెలియదు. సెల్ఫ్ తిరిగింది. ట్రాక్టరు బ్యాటరీ బలం వేరు. ఇంజను గట్టిగా, వరుసగా తిరిగింది. ఒకసారి దగ్గింది. ఆగబోయింది. మళ్ళీ దగ్గింది. తెల్లటి పొగ వెనక నుంచి గుప్పుమని, నాలుగు సిలిండర్లలో ముందు రెండు, తర్వాత మూడోది, కాసేపటికి నాలుగోది అందుకున్నాయి. కారు మొత్తం వణుకుతోంది.

"అయింది" అన్నారు కోటయ్య గారు. మరుక్షణం ఆయన తుమ్మారు.

తర్వాత నేను తుమ్మాను. పక్కింటి ఇద్దరూ తుమ్మారు. గొంతులో ఎవరో నిప్పు పెట్టినట్టయింది, కళ్ళలోంచి ధారలు. నేను తెచ్చినవి మిరపకాయల సంచులు. పోయినేడు పంట మోసి, నారల సందుల్లో పొడి నింపుకున్న సంచులు. ఇంజను వేడెక్కగానే, ఫ్యాను గాలి వాటి మీద నుంచి నేరుగా కారులోకి కొట్టింది. పోపులో మిరపకాయలు మాడినప్పుడు వంటింట్లో ఎలా ఉంటుందో, దానికి పదింతలు.

"తాతయ్యా, ఆపండి, సంచులు తీసేద్దాం" అని అరిచాను.

"ఆపితే మళ్ళీ లేవదు" అన్నాడు తాతయ్య. చెంపల మీద నీళ్ళు కారుతున్నా కాలు యాక్సిలరేటరు మీంచి తీయలేదు. "ఆగకుండానే తియ్యాల. ఫ్యాను దగ్గరికి నువ్వు రాబాక. కోటయ్యా, నువ్వు చూడరా."

కోటయ్య గారు తువ్వాలు మూతికి కట్టుకుని, తిరుగుతున్న ఇంజను మీద నుంచి ఒక్కొక్క సంచినీ వెనక్కి లాగారు. చివరి సంచికి ఊడిన పురికొస ఒకటి ఫ్యాను గాలికి లేచి ఆడుతోంది. అది ఫ్యానులో పడితే సంచి మొత్తం లోపలికి పోతుంది. సంచి పోతే బెల్టు తెగుతుంది. కోటయ్య గారు పురికొసను వేలికి రెండు చుట్లు చుట్టుకుని మెల్లగా, పాలలో మీగడ తీసినట్టు, సంచిని పైకెత్తారు. నేను ఊపిరి బిగబట్టాను. ఆ గాలిలో ఎలాగూ ఊపిరి తీసుకునే వీలు లేదు.

బానెట్ దించాక ఆయన కిటికీలోంచి పిన్నితో అన్నారు. "రూతమ్మా, ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ వాసన తగల్లా చూడు. ఈ వాసనలోనే పుట్టి పెరిగాం కదా. ఏమనుకోబాక."

"ఏమనుకుంటానండీ" అంది పిన్ని తుమ్ముల మధ్య. "ఒంగోలు దాకా నిద్ర రాదు, మంచిదే."

ఆరూ ఇరవై అయిదుకు బయల్దేరాం. కారులో ఒకే ఒక్క నియమం. యాభై ఏడు కిలోమీటర్లు ఇంజను ఆగకూడదు. ఘాటు పోవాలని నాలుగు అద్దాలూ దించాం. చలిగాలి సూదుల్లా లోపలికి వచ్చింది. పిన్ని కాళ్ళ మీద దుప్పటి, మెడ చుట్టూ నా చున్నీ. పొదిలి చేరేసరికి ఏడు కావస్తోంది. బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు తాతయ్య కారు నిలిపాడు గానీ యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు. నేను దిగి మూడు టీలు తెచ్చాను, ముప్పై రూపాయలు. టీ కొట్టతను కిటికీ దాకా వచ్చి, "బండి ఆపి తాగండి పెద్దాయనా, డీజిల్ దండగ" అన్నాడు. "దండగ కాదయ్యా, దండం పెట్టి లేపా దీన్ని" అన్నాడు తాతయ్య. అతను నవ్వబోయి, కారులోంచి వచ్చిన గాలికి తుమ్మి, గ్లాసులు తీసుకుని వెనక్కి జరిగాడు.

పొదిలి నుంచి ఒంగోలుకు చీమకుర్తి మీదుగా యాభై కిలోమీటర్లు. మామూలు రోజైతే గంటా పావు. రోడ్డు బాగానే ఉంటుంది. కానీ చీమకుర్తి దగ్గర గ్రానైటు క్వారీలున్నాయి. గదంత నల్లరాతి దిమ్మను ఒక్కొక్కటిగా మోసుకుంటూ లారీలు నత్తల్లా నడుస్తాయి. పొగమంచులో వాటి వెనక దీపాలు దగ్గరికి వెళితే గానీ కనబడవు. తాతయ్య గంటకు ముప్పైకి మించి పోలేదు. "ఆ ఎర్ర దీపం మన దారి. అది ఆగితే మనం ఆగుతాం, అది తిరిగితే మనం తిరగం" అన్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని ఎడమ అంచు తెల్ల గీతను చూస్తూ "ఉంది, ఉంది" అంటూ వచ్చాను.

చీమకుర్తి ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా ఎర్ర దీపం ఆగింది. ముందు ఒక లారీ అడ్డం తిరిగింది, దాన్ని సరిచేస్తున్నారు. ఏడూ నలభై. మా వెనక హారన్లు. ఇంజను కదలకుండా నిలబడి తిరుగుతుంటే దాని చప్పుడు మారింది. వరుసగా వచ్చే దరువు మధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది. తప్పి, ఆలోచించుకుని, మళ్ళీ అందుకుంటోంది. డాష్‌బోర్డు వణుకు ఆగి మొదలవుతోంది. తాతయ్య చెవి స్టీరింగు దగ్గరికి వంచి విన్నాడు.  అయిదు నిమిషాలు. పది. దెబ్బ తప్పిన ప్రతిసారీ పిన్ని చెయ్యి ఫైలు మీద బిగుసుకోవడం అద్దంలో కనబడుతోంది.

"పిన్నీ, భయంగా ఉందా?"

"పిల్లలకు ఎప్పుడూ చెప్తా కదా, పరీక్షకు అరగంట ముందే పొమ్మని" అంది. "నా పరీక్షకు నాలుగు గంటల ముందు లేచాను. ఇంకేం చెయ్యను?"

తాతయ్య వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఈ కారులో ముప్పై ఏళ్ళు హాస్టలు పిల్లల్ని పరీక్షలకు దించా. ఒక్కడు కూడా ఆలస్యంగా పోలా. నువ్వు మొదటిదానివి కాబోవు."

ఏడూ యాభై ఎనిమిదికి ఎర్ర దీపం కదిలింది. చీమకుర్తి దాటాక మంచు పలచబడింది. కిటికీలోంచి సూర్యుడు నారింజ బిళ్ళలా కనబడ్డాడు, డాష్‌బోర్డు మీది దీపం రంగులోనే. ఎండ తగిలిన ఇంజను తప్పిన దెబ్బలు సరిచేసుకుంది. తాతయ్య మొదటిసారి యాభై మీద నడిపాడు. ఒంగోలు ఊళ్ళోకి వచ్చేసరికి ఎనిమిదీ నలభై. స్కూటర్లు, ఆటోలు, కూరగాయల బండ్లు. పరిశీలన జరిగే బడి గేటు ముందు ఆగేసరికి ఎనిమిదీ యాభై రెండు.

గేటు దగ్గర కాపలాదారు కర్ర చూపించి, "ఇక్కడ బండి ఆపకూడదు" అన్నాడు.

"నేను ఆపలా నాయనా, చూడు, నడుస్తానే ఉంది" అన్నాడు తాతయ్య. "ఆ ఆడబిడ్డ దిగేదాకా ఉండనియ్యి. ఆగిందంటే నువ్వే తోయాల."

కాపలాదారు పిన్ని కాలు చూసి గేటు తీశాడు. నేను ఒక చేత్తో పిన్నిని, ఇంకో చేత్తో ఫైలును పట్టుకున్నాను. ముందు వసారా, దాని చివర ఆరు మెట్లు, మెట్ల పైన గది. మేము మొదటి మెట్టు మీద ఉండగానే లోపల్నుంచి పిన్ని పేరు వినబడింది. రెండో మెట్టు దగ్గర మళ్ళీ పిలిచారు. పిన్ని కర్ర జారింది, నా భుజం పట్టుకుంది. మూడోసారి పిలవక ముందే నేను నాకున్న గొంతంతా పెట్టి, "ఉన్నారండీ, మెట్లెక్కుతున్నారండీ" అని అరిచాను. వసారాలో అందరూ తిరిగి చూశారు. లోపలి నుంచి ఒక పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, పిన్నిని చూసి, కుర్చీని తనే మెట్ల దాకా తెచ్చారు.

"మెల్లగా రండమ్మా, ఏం తొందర లేదు. వచ్చారుగా. ఏడవకండి" అన్నారు.

పిన్ని కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. ముక్కు ఎర్రగా ఉంది. "ఏడుపు కాదండీ, మిరపకాయ" అంది. ఆయనకు అర్థం కాలేదు. ఫైలు తెరిచి మొదటి సర్టిఫికెట్టు కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకున్నారు. రెండోది తీశారు. మూడోది తీస్తూ తల పక్కకు తిప్పి గట్టిగా తుమ్మారు. పక్క బల్ల దగ్గరున్న ఆవిడ కూడా తుమ్మింది. పిన్ని సిగ్గుతో సంగతి మొత్తం చెప్పింది. కారు, సంచులు, కల్లం. ఆయన విని, కాగితాలను చేతి రుమాలుతో పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. అనుభవ పత్రాలు తిరగేస్తూ, "పదహారేళ్ళా?" అని అడిగారు. పిన్ని ఆ పత్రాల వైపు చూసింది. వేరే ఎవరి గురించో అడిగినట్టు, "అవునండీ, పదహారు" అంది. తొమ్మిదీ నలభైకి ఆయన అన్ని కాగితాల మీదా టిక్కులు పెట్టి, కింద సంతకం చేసి, రేపు ఉదయం తొమ్మిదింటికి ఇదే గదిలో బడి ఎంచుకోవాలని చెప్పారు. ఖాళీలున్న ఊళ్ళ జాబితా చేతిలో పెట్టారు.

బయట తాతయ్య ఇంకా కారులోనే ఉన్నాడు, ఇంజను తిరుగుతూనే ఉంది. పిన్ని మొహం చూశాడు. స్టీరింగు పక్కనున్న నాబు లాగి ఇంజను ఆపాడు. మూడున్నర గంటల తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం ఎండకు ఇంజను ఒక్క దెబ్బకే లేచింది. రేపు మళ్ళీ తొమ్మిదింటికి ఇక్కడే ఉండాలి కాబట్టి పొదిలి వైపు వెళ్ళలేదు. సింగరాయకొండలో పిన్ని ఆడపడుచు ఇల్లుంది. ఒంగోలు నుంచి హైవే మీద ముప్పై కిలోమీటర్లు, నలభై నిమిషాలు. ఇల్లు కొండకు దగ్గర, వీధి వాలుగా ఉంది. ఇప్పుడు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ముక్కు ఇంకా మండుతోంది. కోటయ్య గారి మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి మిరపలో ఉన్నవాళ్ళం, మాలో ఒక్కరికీ ఆ సంచుల వాసన తగల్లేదు. రోజూ ఉండేదాన్ని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది. పిన్ని పదహారేళ్ళుగా ఎండలో, వానలో బడికి వెళ్ళి రావడం కూడా మా ఇంట్లో అలాగే అయిపోయింది. ఎవరో కొత్త మనిషి కాగితాలు తిరగేసి "పదహారేళ్ళా" అని అడిగేదాకా ఆ అంకె నేనూ వినలేదు, బహుశా తనూ వినలేదు. నా నోటుబుక్కులో ఈ రోజు పేజీలో ఒక్క మాటే ఉంది. ఘాటు. చాలాసార్లు వాడిన మాటే, కానీ ఇన్నాళ్ళూ వాసన చూడకుండానే వాడాను.

చలికాలంలో పాత డీజిల్ కారుతో ఇటు వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. సాయంత్రమే వాలు చూసుకుని, కారు ముక్కు కిందికి ఉండేలా నిలపండి, చక్రాలకు రాయి అడ్డం పెట్టండి. చదును వీధిలో ముగ్గురు చెయ్యలేని పని వాలులో ఒక్కరు చేస్తారు.

మిషన్ కారు ఇప్పుడు సరిగ్గా అలాగే ఉంది, ముక్కు హైవే వైపు. రేపు ఉదయం ఆరున్నరకు నేను రాయి తీస్తాను, తాతయ్య బ్రేకు వదులుతాడు. పిన్ని వెనక సీట్లో జాబితా పట్టుకుని కూర్చుంటుంది. ఇప్పటికి రెండు ఊళ్ళ కింద గీతలు గీసింది. దారిలో ఏదో ఒకటి చెరిపేస్తానంది. బానెట్ మీద కప్పడానికి రెండు గోనె సంచులు అడిగి తెచ్చాను. బియ్యం సంచులు. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం వాసన చూశాం.